ఎవరి గొడ్డో తెలియని కూర

అప్ప పోయిందని ఫోన్ వచ్చినప్పుడు మా కోడలు వంటగదిలో మాంసం పొట్లం విప్పుతోంది. ఇక్కడ బర్మాలో, చిమిండైంగ్‌లోని మా ఇంటికి దగ్గర్లో కొత్తగా సూపర్‌మార్కెట్ తెరిచారు. తెల్లటి పళ్లెం, దాని మీద బిగించిన ప్లాస్టిక్ కాగితం, దాని మీద ధర చీటీ. ఫోన్ పెట్టేసి వచ్చి కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"ఇది ఎవరి దగ్గర కొన్నావమ్మా?"

"సూపర్‌మార్కెట్లో, అత్తయ్యా."

"అది సరే. ఎవరు పెంచిన గొడ్డు?"

కోడలు నా ముఖంలోకి వింతగా చూసి, "అదెలా తెలుస్తుంది?" అంది.

ఆ పిల్ల తప్పేం లేదు. ఆ ప్రశ్న నాది కూడా కాదు. అప్పది. "ఎవులి గొడ్డో తెలీని కూర నానొండను, తినను, ఇంకోలికి ఎట్టను" అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని బతికినందుకు ఆమెకు ఈ ఊళ్లో ఏం జరిగిందో తలుచుకుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నా ఒళ్లు మండుతుంది. చల్లారేలోపే రాసెయ్యాలని కూర్చున్నాను.

అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు మాటలో అక్క. బోటాటౌంగ్‌లో రేవు దగ్గర మా తెలుగు వీధిలో ఆమె అందరికీ అప్పే. ఆమెకంటే పెద్దవాళ్లూ అలాగే పిలిచేవారు. అసలు పేరు నాకు తెలుసు కానీ రాయను. ఆ పేరును ఒకసారి కాగితం మీద రాసినవాళ్లు పక్కనే 'మౌంఖో' అని కూడా రాశారు. చీకటి బజారు మనిషి అని దానికి అర్థం.

పొడుగాటి మనిషి. బర్మా ఆడవాళ్లు కట్టే లుంగీ, టమేన్‌ని పిక్కల పైకి ఎగ్గట్టి, చెంపలకు తనాకా గంధం పూసుకుని, బర్మా చుట్టను మా ముసలమ్మల పద్ధతిలో అడ్డపొగ వేసేది. నిప్పున్న కొస నోట్లో, వట్టి కొస బయట. బస్సులో బర్మావాళ్లు గుడ్లప్పగించి చూస్తే, చుట్ట తీసి నిప్పు చూపించి మళ్లీ లోపల పెట్టుకునేది. మామూలుగా చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడుతుంది. అది తీసి చేత్తో పట్టుకుందంటే మాత్రం ఎదుటివాడు జాగ్రత్తపడాలి. మొగుడు రేవులో బియ్యం బస్తాలు మోస్తూ పలక విరిగి కిందపడి చనిపోయాడు. పిల్లల్లేరు. గోదాముల్లో గోనె సంచులు కుట్టుకుని బతికేది.

సైన్యం వచ్చి దుకాణాలన్నీ సర్కారువి చేసేసిన రోజులవి. నేను పనిచేసే మిషన్ బడినీ తీసేసుకున్నారు. మా వీధి చివర మాంసం కొట్టు మూసేశారు, ఆ సాయిబు కుటుంబంతో సహా ఊరే వదిలిపోయాడు. ఇక ఏది కావాలన్నా ప్రజల దుకాణంలోనే. పేరు ప్రజలది. వరసలో నిలబడేది ప్రజలు. లోపల ఏముందో, ఎప్పుడు వచ్చిందో అడిగే హక్కు మాత్రం ప్రజలకు లేదు. మాంసం తూకానికి ముందే కాగితంలో చుట్టేసి ఉండేది. విప్పి చూడకూడదు. "తీసుకుంటే తీసుకో, లేకపోతే వెనకవాళ్లకు దారివ్వు" అనేవారు.

ఒక వానాకాలం ఆ మాంసం తిని వీధిలో సగం ఇళ్లు మంచాన పడ్డాయి. మా పక్కింటి గవరయ్య తాత వాంతులూ విరేచనాలతో తెల్లారేసరికి పోయాడు. రేవులో బరువులు మోసి, యుద్ధంలో బాంబులు చూసి, ఇండియాకు నడిచి వెళ్లిపోతున్నవాళ్లను చూస్తూ ఇక్కడే ఉండిపోయిన మనిషి. కుళ్లిన కూర తిని పోయాడు.

అతన్ని పూడ్చి వచ్చాక అప్ప ఇంటికి వెళ్లలేదు. గవరయ్య తాత ఇంట్లో వండకుండా మిగిలిన మాంసాన్ని పళ్లెంలో పెట్టుకుని ప్రజల దుకాణానికి నడిచింది. వెనక మేమంతా వెళ్లాం. మేనేజర్ ముక్కు మూసుకున్నాడు.

"మీ కలావాళ్ల కుండలు మురికి. మా మాంసానికేం?" అన్నాడు. కలా అంటే మనవాళ్లను తిట్టే మాట.

అప్ప చుట్ట తీసింది. పళ్లెం అతని బల్ల మీద, బిల్లు పుస్తకాల మీద పెట్టింది. బర్మీస్‌లో, మర్యాదగా, 'సయా' అని పిలిచి మరీ చెప్పింది. "మా కుండలకు ముట్టించలేదు సయా. మీ కుండలోనే వండించండి. మీరొక ముద్ద తినండి, మేం వెళ్లిపోతాం."

అతను తినలేదు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. అప్ప బయటికొచ్చి మెట్ల మీద ఉమ్మి, తెలుగులో మాతో అంది. "ఆడు తిన్నాడు కాదు సూసినారా? ఆడికి తెలుసు. తెలిసే అమ్మినాడు."

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె కనిపించలేదు. సాయంత్రానికి పజుండౌంగ్ వాగు మీద సంపాన్ పడవలో, రెండు బుట్టల నిండా గోంగూర కట్టలతో దిగింది. కట్టల కింద తడిపిన అరిటాకులు, ఆకుల కింద మాంసం.

వాగుకు అవతల తాకేటా అంచున ఊ సో అనే బర్మా ముస్లిం ఉండేవాడు. బండ్లు లాగి లాగి సత్తువ పోయిన ఎడ్లను కొని, కొన్నాళ్లు తవుడూ గడ్డీ పెట్టి బాగుచేసి, తన చేతుల్తోనే జబా చేసి కోసేవాడు. ఎవరికి పడితే వాళ్లకు అమ్మడానికి అప్పట్లో వీల్లేదు, అంతా సర్కారు కొట్టుకే ఇవ్వాలి. అప్ప అతన్ని ఎలా కనిపెట్టిందో నాకు తెలియదు. సెలవుల్లో నన్నోసారి వెంట తీసుకెళ్లింది.

నేను బేరం ఉంటుందనుకున్నాను. ఆమె తిన్నగా పాకలోకి వెళ్లి ఎద్దు ఎదుట గొంతుక్కూచుంది. అరచేతిలో ఉప్పు పెట్టింది. అది నాకింది. మెడ కింద తోలు నిమిరింది. తర్వాత ఊ సో భార్య డా మ్యాతో పెరట్లో కూర్చుని గడ్డి గురించీ, ఆవిడ మోకాళ్ల నొప్పి గురించీ, పెళ్లి కావలసిన కూతురి గురించీ మాట్లాడుతూనే ఉంది. మధ్యాహ్నం వాళ్లింట్లో పప్పన్నం తిన్నాం. ఎద్దు మాట రానేలేదు.

పడవెక్కాక, "కొనడానికి కదా వచ్చాం?" అన్నాను.

"కొనీసినాం పంతులమ్మా. ఆల ఇంట్లో అన్నం తినకండా ఆల గొడ్డుని ఎలగ తింటావు?" అంది. ఇందులో తెలియకపోవడానికేముందన్నట్టు చూసింది.

వీధికి మాంసం వచ్చిన రోజు చూడాలి. ఆమె వరండాలో అరిటాకులు పరిచి పోగులు వేసేది. ప్రతి పోగులోనూ కండ, ఎముక, కొవ్వు, కాస్త కార్జం. ఒకదానికి ఒకటి తీసిపోకూడదు. ఒకసారి వేసి, దూరంగా జరిగి చూసి, ఒక ముక్క అక్కణ్నించి తీసి ఇక్కడ వేసేది. పోగులన్నీ సిద్ధమయ్యాక గోడవైపు తిరిగి కూర్చునేది. ఎవరో ఒకరు ఒక పోగు మీద చెయ్యి పెట్టి, "అప్పా, ఇది ఎవరిది?" అని అడగాలి. ఆమె చూడకుండా ఒక ఇంటిపేరు చెప్పాలి. ఎవరికి ఏది వస్తే అదే. రేవు మేస్త్రీకీ, మొగుడు చచ్చిన పోలమ్మకీ ఒకటే పోగు.

మేస్త్రీకి ఇది నచ్చేది కాదు. "అప్పా, నాకు కార్జం కూసింత ఎక్కువెయ్యి. నీ సంచుల పని నాను సూసుకుంటాను" అనేవాడు.

"నీకేటి రెండు పొట్టలున్నాయేటి బావు?" అనేది, గోడవైపు నుంచి తల తిప్పకుండానే.

ఇదంతా గుట్టుగా జరగాలి కాబట్టి మా వీధిలో మాంసం అనే మాటే మానేశారు. "రేపు గోంగూర వస్తాదా?" అని అడిగేవారు. వార్డు కౌన్సిల్ వాళ్లు కూడా మొదట నమ్మారు. గోంగూర బర్మావాళ్లకూ ఇష్టమే కదా. కానీ ఎంత తెలుగువాళ్లైనా ఇంత గోంగూర తింటారా అని ఎవరికో అనుమానం వచ్చింది.

అది క్రిస్మస్ ముందు. మా సంఘంలో ప్రేమవిందు పెట్టాలి. సంఘ పెద్ద స్వయంగా అప్ప ఇంటికి వచ్చాడు. అప్పటికి నడివయసు మనిషి, ఇస్త్రీ చొక్కా, బర్మీస్ అధికారుల్లా మాట్లాడతాడు, ఆఫీసుల్లో అతనికి పలుకుబడి. ఆరాధనలో వెనక బల్లల మీద కూర్చునే రేవు జనాన్ని చూసి ముక్కు చిట్లించేవాడే గానీ, అతని ఇంటికి పోగు వెళ్లని రోజు లేదు. పెరటి గుమ్మంలోంచి, గిన్నె మీద మూత పెట్టి. ఆ రోజు వరండాలో నిలబడి, నేను వింటుండగా అన్నాడు.

"సంఘం అంతటికీ సరిపడా గోంగూర కావాలి. మంచిది చూడు."

"దేవుడి పని బావుగారూ. మంచిదే తెస్తాను" అంది అప్ప. ఆమె ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు. సంఘం ఆమెను ఒక పని అడగడం అదే మొదటిసారి.

రేవు దగ్గర పడవ దిగుతుండగా వార్డు కౌన్సిల్ వాళ్లు పట్టుకున్నారు. బుట్టలు లాక్కున్నారు, ఆమెను మాత్రం తిట్టి వదిలేశారు. అంతటితో పోతే ఇదంతా రాసేదాన్ని కాదు. మధ్యాహ్నానికి వార్డు ఆఫీసు పెరట్లోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన మొదలైంది. తర్వాత కూర వాసన. నాగలి లాగిన జీవమని చాలామంది బర్మావాళ్లు గొడ్డుమాంసం ముట్టరు. ఆ నియమం ఉన్నవాళ్లంటే నాకు గౌరవమే. ఆ ఆఫీసులోవాళ్లకు మాత్రం ఏ నియమమూ లేదు. చట్టవిరుద్ధమైన మాంసాన్ని పట్టుకుని, చట్టం తరఫున వండుకున్నారు. మా పిల్లల పండగ కూర.

అప్ప పళ్లెం తీసుకుని వీధిలోకి వచ్చింది. "రండే, బోయినానికి ఎల్దాం" అంది, అంతే. ఆడవాళ్లం పిల్లల్ని వెంటబెట్టుకుని, గిన్నెలూ పళ్లేలూ పట్టుకుని వెనక నడిచాం. సర్కారు బడి జీతం తీసుకునేదాన్ని, నేనూ వెళ్లాను. ఆఫీసు ఎదుట నేల మీద వరసగా కూర్చుని, పళ్లేలు ముందు పెట్టుకున్నాం. లోపల వాళ్లు తింటున్నారు. ఒక అధికారి మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమిటిది? పొండి!"

అప్ప చుట్ట తీసింది. "మాది పండగ సయా. కూర మాది. మీరు తీసుకున్నారు, కష్టపడి వండారు, మంచిదే. చుట్టాలం వచ్చాం. వడ్డించండి."

"కలామా, జైలుకు పోతావు!"

"వెళ్తాను. ముందు పిల్లలకు వడ్డించండి."

వీధిలో బర్మావాళ్లు ఆగి చూస్తున్నారు. ఒక ముసలాయన పైకే నవ్వాడు. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. బుట్టలు మోసినందుకు తిట్టి వదిలేసినవాళ్లు, పళ్లెం చాపినందుకు మాత్రం వదల్లేదు. లారీ వచ్చింది. ఎక్కేముందు పళ్లెం నాకిచ్చి, "పంతులమ్మా, తాకేటాకి కబురంపు. ఆలనీ పట్టుకుంతారు" అంది. తన గురించి ఒక్క మాట అనలేదు.

ఆ రోజే మేం కొందరం సంఘ పెద్ద ఇంటికి వెళ్లాం. అధికారులతో మాట్లాడగలవాడు ఆయనొక్కడే.

"మీరు తెమ్మంటేనే తెచ్చింది. ప్రేమవిందు కోసమని వచ్చి చెప్పండి చాలు" అన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "నేను గోంగూర తెమ్మన్నాను" అన్నాడు.

పోలమ్మ "థూ" అని, గుమ్మం దిగిపోయింది.

నా కబురు వెళ్లేలోపే ఊ సోను పిలిపించారు. ఆమె బెదిరించి కొనేదని, దొంగవ్యాపారం చేసేదని చెబితే వదిలేస్తామన్నారట. ఆయన నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడి ఎరగడు. "ఆమె మా ఇంట్లో అన్నం తింటుంది. చుట్టానికి ఇచ్చాను. అమ్మలేదు" అన్నాడట. ఎంత అడిగినా అదే మాట. పాకలో గొడ్లన్నీ తోలుకుపోయారు. అవి ఎవరి కొట్టుకు వెళ్లాయో, ఎవరి కుండల్లో ఉడికాయో మాకు ఈనాటికీ తెలియదు.

అప్పను వేసవి ఎండలు ముదిరాక వదిలారు. చిక్కిపోయింది, జుట్టంతా నెరిసింది. ఇంటికి రాలేదు. జైలు నుంచి తిన్నగా వాగు దాటి తాకేటా వెళ్లింది. ఖాళీ పాకలో ఆమె ఎంతసేపు నిలబడిందో డా మ్యా నాకు తర్వాత చెప్పింది. ఏడవలేదట. కట్టుగుంజను పట్టుకుని ఊపి చూసి, "గట్టిగానే ఉంది" అందట.

ఆ మర్నాడు మా వీధిలో గుమ్మం గుమ్మం ఎక్కింది. పలకరింపుల్లేవు.

"ఆల గొడ్డు తిన్నారా నేదా?"

"తిన్నాం అప్పా."

"ఆల పాక ఖాళీగా ఉంది. ఎట్టండి."

పోలమ్మ ముక్కుపుడక తీసిచ్చింది. నేను నా గాజు ఒకటి ఇచ్చాను. మేస్త్రీ సణుక్కుంటూనే అందరికంటే ఎక్కువ ఇచ్చాడు, అది చెప్పకపోతే పాపం. సంఘ పెద్ద వరండాలో ఆమె నిలబడితే, ఆయన తలుపు సగం తెరిచి, "నీ కోసం రోజూ ప్రార్థన చేశాను" అన్నాడు.

"ప్రార్దన పాలియ్యదు బావుగారూ" అని దిగి వచ్చేసింది.

ఆ డబ్బుతో ఒక ఎర్ర పెయ్యను కొని, తాడు పట్టుకుని వంతెన మీదుగా తాకేటాకు నడిపించుకెళ్లాం. అది బస్సు హారన్ విన్నప్పుడల్లా బెదిరి నిలబడిపోయేది. అప్ప దాని చెవిలో ఏదో తెలుగులో చెప్పేది. ఊ సో గుమ్మంలోకి వచ్చి, తాడు అందుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు. దానం తీసుకోలేను" అన్నాడు.

"దానమా?" అప్పకు నిజంగానే కోపం వచ్చింది. "మీరు గొడ్లు పెంచకపోతే నేను మళ్లీ ఆ కొట్టు వరసలో నిలబడాలా? నా కోసం తెచ్చాను. పట్టుకోండి!" అని తాడు ఆయన భుజం మీద పడేసింది.

ఆయన అప్పుడు పట్టుకున్నాడు. డా మ్యా లోపలికెళ్లి అన్నం వడ్డించింది.

ఆ పాక మళ్లీ నిండింది. ఆమెను ఆ తర్వాత కూడా పట్టుకున్నారు, వదిలారు, మళ్లీ పట్టుకున్నారు. కాళ్లలో సత్తువ ఉన్నంత కాలం వాగు దాటుతూనే ఉంది. మేం ఒక్కొక్కళ్లం ఆ వీధి వదిలేశాం. ఆమె వదల్లేదు.

మొన్న సమాధి దగ్గర జనం తక్కువ. ఊ సో ఎప్పుడో పోయాడు. డా మ్యాను కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడకు కళ్లు సరిగ్గా కనిపించవు. మా ప్రార్థనలు ఆమెవి కావు, తెలుగు ముక్క రాదు. అయినా తలమీద ముసుగు సర్దుకుని నా పక్కన నిలబడింది.

ప్రార్థన చేసింది సంఘ పెద్ద. ముసలివాడైపోయినా గొంతు అలాగే ఉంది. చాలాసేపు చేశాడు. "ప్రభువా, ఈ సహోదరి తెలిసీ తెలియక చేసిన తప్పులను, చట్టాన్ని మీరిన దోషాలను, నీ సంఘానికి తెచ్చిన అపకీర్తిని క్షమించు" అన్నాడు. నోరు తెరిచాను. మా అబ్బాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడే డా మ్యా నా చెవి దగ్గరికి వంగి బర్మీస్‌లో అడిగింది. "ఆ పెద్దాయన ఏమంటున్నాడు?"

ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఈమె మా అందరికీ అన్నం పెట్టింది, ఈమెను పట్టుకెళ్లిన రోజు నేను నోరు మెదపలేదు, అది నా పాపం అంటున్నాడు" అన్నాను.

డా మ్యా తల ఊపింది. ఆమేన్ అయ్యాక, నేను ఆపేలోపే, కూతురి చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరికి నడిచింది. తడుముతూ ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అందరూ వింటున్నారు. ఆయనకు బర్మీస్ మా అందరికంటే బాగా వచ్చు.

"ఇంతమందిలో ఒప్పుకున్నారు. మా ఇంటాయన బతికి ఉంటే సంతోషించేవాడు" అందావిడ. "మీరు ఆ రోజు నోరు విప్పలేదని ఆమె మాకు ఎప్పుడూ చెప్పలేదు. మీ మీద ఒక్క మాట కూడా అనలేదు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోవాలని చూశాడు, ఆవిడ వదల్లేదు. చివరికి తలెత్తి ఆవిడ భుజం మీదుగా నా వైపు చూశాడు.

నేను చూపు తిప్పుకోలేదు.